ఎవ్వరూ లేనప్పుడు నడిచే మోటరు

మా ఆయనకు షవర్ పిచ్చి హైదరాబాద్‌లో పట్టింది. ఆఫీసు వాళ్ళు ఏదో ట్రైనింగ్ అని మూడు రోజులు పంపితే, అక్కడి గెస్ట్‌హౌస్‌లో షవర్ కింద నిలబడి స్నానం చేసి వచ్చాడు. ట్రైనింగ్‌లో ఏం నేర్పారో ఒక్క ముక్క చెప్పలేదు గాని, ఆ షవర్ గురించి మాత్రం ఇంటికొచ్చిన ప్రతి మనిషికీ చెప్పాడు. వీపు మీద వాన పడ్డట్టు ఉంటుందట. వానలో తడిస్తే జలుబు చేస్తుందని గొడుగు లేకుండా గేటు దాటని మనిషి ఆయన.

అప్పటికి మేం కామారెడ్డిలో ఇల్లు కట్టుకుని ఏడాది దాటింది. మా బాత్రూంలోనూ షవర్ ఉంది. కానీ మేస్త్రీ నీళ్ళ టాంకీని దిమ్మె కట్టకుండా స్లాబు మీదే కూర్చోబెట్టాడు కాబట్టి నీళ్ళకు జోరు లేదు. తిప్పితే ముందు నాలుగు చుక్కలు, తర్వాత ఆలోచించుకుని మరో నాలుగు. తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి తల రుద్దుకుని దాని కింద నిలబడితే, నురగ పోయేసరికి స్కూల్లో ప్రార్థన అయిపోయేది. అందుకని 2011 ఎండాకాలంలో మా ఆయన ఒక చిన్న మోటరు తెచ్చి టాంకీ పక్కన బిగించాడు. బిగించింది ప్లంబర్. మా ఆయన పక్కన నిలబడి పట్టపగలు టార్చ్ లైటు పట్టాడు.

"ఇది తెలివైన మోటర్ బాపు," అని వాళ్ళ నాన్నకు గర్వంగా చెప్పాడు. "నల్లా తిప్పితే దానంతట అదే ఎత్తుకుంటది. బంద్ చేస్తే దానంతట అదే ఆగుతది. స్విచ్ ముట్టే పనే లేదు."

"మన బోరు మోటర్ గూడ గంతే గదరా," అన్నారు మామ. "కరెంటు రాంగనే ఎత్తుకుంటది. దాన్ని తెలివి అనం, ఆటో స్టార్టర్ అంటం."

మామకు షవర్ అంటే మొదటినుంచీ చులకనే. ఆయనకు స్నానం అంటే ఒక బకెట్టు, ఒక చెంబు. "జల్లెడ కింద నిలవడి తానం ఏంది?" అని ఒకసారి అడిగి, ఆ తర్వాత ఆ జల్లెడ వైపు కన్నెత్తి చూడలేదు.

అత్త కాలం చేసిన రెండో ఏడు ఆయన మా దగ్గరికి వచ్చారు. సొంతూరు ఎల్లారెడ్డి దగ్గర. అక్కడి నాలుగెకరాల పొలం తమ్ముడి కొడుక్కి కౌలుకిచ్చి వచ్చారు. వచ్చే ముందు ఒకే ఒక్క మాట అడిగారు: సోమవారం సోమవారం ఊరికి పోయి వస్తాను, వద్దనొద్దు అని. వద్దనడానికి మేమెవరం? ప్రతి సోమవారం తెల్లవారుజామునే లేచి స్నానం చేసి, ఇస్త్రీ ధోతి కట్టి, చేతిసంచి పట్టుకుని మొదటి బస్సుకు ఎల్లారెడ్డి పోయేవారు. అక్కడ ఆయనకు పనేమీ లేదు. పొలం ఒడ్డు మీద నిలబడి తమ్ముడి కొడుకు దున్నిన చాళ్ళకు వంకలు పెట్టడం, ఎల్లారెడ్డి హోటల్లో పాత దోస్తులతో చాయ్ తాగడం, సాయంత్రం బస్సుకు సంచినిండా కూరగాయలతో దిగడం, అంతే. మిగతా ఆరు రోజులూ మా ఇంట్లో చుట్టంలా మెలిగేవారు. కుర్చీ జరపాలన్నా మమ్మల్ని అడిగేవారు. సోమవారం మాత్రం ఎవర్నీ ఏదీ అడిగేవారు కాదు. ఆ ఒక్క రోజు కోసమే మిగతా ఆరు రోజులు మాతో ఉంటున్నారని నాకు తెలుసు.

ఇక నా సంగతి. నేను భిక్నూర్ దగ్గర ఒక ఊళ్ళో టీచర్‌ని. పొద్దున ఎనిమిదింటికల్లా మా ఆయన నిజామాబాద్ రైలుకు, అమ్మాయి స్కూలుకు, నేను బస్‌స్టాండుకు. అందరికన్నా వెనక గడప దాటేది నేనే. దాటే ముందు పెరట్లోకి వెళ్ళి ఒక పని చేసేదాన్ని. అక్కడ బోళ్ళు తోమే జాగ పక్కన కొత్తగా ఒక కల్యమాకు మొక్క, అదే కరివేపాకు, నాటాను. నల్లాకు కట్టిన పాత చీర పేలికను ఆ మొక్క మొదట్లోకి లాగి, నల్లాను కాస్తంటే కాస్త వదులు చేసి వెళ్ళేదాన్ని. నీళ్ళు చప్పుడు కాకుండా పేలిక వెంట జారి వేళ్ళలోకి దిగేవి. సాయంత్రం వచ్చాక బిగించేదాన్ని. ఆదివారాలూ సెలవు రోజులూ ఇంట్లోనే ఉంటాను కాబట్టి చెంబుతో పోసేదాన్ని. మా అమ్మగారి ఊరు పెద్దకొడప్‌గల్ దిక్కు. అక్కడ మా అమ్మ కుండకు చిల్లి పెట్టి, గుడ్డ వత్తి దూర్చి, నిమ్మ మొక్కలను ఎండాకాలం గట్టెక్కించేది. కుండలు మోసే ఓపిక లేక నేను ఆ పనిని నల్లాకు అప్పజెప్పాను. ఇది నా తెలివేనని నాకు కొంచెం పొగరు కూడా ఉండేది.

మొక్క నాటింది తెలంగాణ సమ్మె రోజుల్లో. ఆ ఏడు ఉద్యోగులం, టీచర్లం అందరం నెలకు పైగా డ్యూటీలు మానేశాం. ఇల్లు ఎప్పుడూ మనుషులతో, నల్లాల చప్పుళ్ళతో ఉండేది. సమ్మె అయిపోయి అందరం మళ్ళీ పనుల్లోకి ఎక్కిన వారానికి, నేను స్కూలు నుంచి వచ్చి చెప్పులు విడుస్తుంటే మామ అన్నారు.

"బిడ్డా, మీరందరు పోయినంక మోటర్ ఎత్తుకుంటుంది."

"మీరు నల్లా తిప్పిన్రేమో మామా."

"నేనెందుకు తిప్పుత? కుర్చీల కూసున్న. పైన గుర్రుమన్నది. ఐదు లెక్కవెట్టేవరకు ఆగింది. పావుగంటకు మళ్ల గుర్రుమన్నది. దినమంత గదే కత."

"మీరొక్కరే ఉన్నరని మీతోని ముచ్చట పెడుతున్నట్టుంది," అన్నాను. ఆయనా నవ్వారు. అప్పటికి అది నవ్వులాటే.

మా ఆయన మాత్రం నవ్వలేదు. తెలివైన మోటరు మీద మాట పడింది కదా. ఆ రాత్రి అన్నం కూడా పక్కన పెట్టి, మోటరుతో వచ్చిన కాగితం ముందేసుకుని చదివాడు. ఎక్కడో నీళ్ళు కారితే పైపులో జోరు తగ్గి, ఎవరో నల్లా తిప్పారనుకుని మోటరు ఎత్తుకుంటుందని అందులో ఉంది. అయితే కారేది ఎక్కడో పట్టుకోవాలన్నాడు. ఆ వారమంతా సాయంత్రం కాగానే ఇంట్లో పోలీసు సోదా జరిగింది. ఫ్లష్ టాంకీలో నీలిమందు కలిపి, కింద కమోడ్‌లోకి నీలం దిగుతుందేమోనని స్టూలు వేసుకుని కూర్చున్నాడు. నీలం దిగలేదు. దిగింది ఆయన చొక్కాకే. నల్లాల కింద ఒక్కో పేపర్ ముక్క పరిచి, తడి అయ్యిందో లేదోనని గంటకోసారి తిరిగాడు. ఒక్క ముక్క కూడా తడవలేదు.

ఆదివారం ప్లంబర్ వచ్చాడు. "మేడం, ఎక్కడన్న నల్లా కారుతుందా?" అని నన్నే అడిగాడు.

"మా ఇంట్ల ఒక్క నల్లా గూడ కారది," అన్నాను, క్లాసులో మాట్లాడే గొంతుతో. దగ్గరుండి ఇల్లంతా తిప్పి చూపించాను. పెరట్లోకీ తీసుకెళ్ళాను. అక్కడి నల్లా గట్టిగా బిగించి ఉంది, కింద నేల ఎండి ఉంది. అతను నల్లాకు వేలాడుతున్న పేలికకే చేతులు తుడుచుకుని, "ఇది మంచిగున్నది," అన్నాడు. అయినా వచ్చిన మనిషి ఊరికే పోకూడదని అన్ని నల్లాలకూ వాషర్లు మార్చాడు. మోటరు మీద ఉండే చిన్న స్విచ్ కూడా మార్చి, పైపులో గాలి చేరి ఉంటుందని చెప్పి వెళ్ళాడు.

మంగళవారం సాయంత్రం మామ ముఖం చూడగానే అర్థమైంది.

"మళ్ల ఎత్తుకున్నదా?"

"ఎత్తుకున్నది బిడ్డా. గాలి పోనట్టుంది."

ఆ మాట చెప్పడానికి ఆయనకు మొహమాటంగా ఉంది. ఇంత తతంగం జరిగాక కూడా నడుస్తున్న మోటరు తన తప్పే అన్నట్టు చెప్పారు.

తర్వాతి ఆదివారం మా ఆయన పరీక్ష పెట్టాడు. మధ్యాహ్నం భోజనాలయ్యాక నలుగురం హాల్లో కూర్చోవాలి. ఫ్యాను బంద్, టీవీ బంద్. గంటసేపు ఎవరూ నల్లా ముట్టకూడదు. పది నిమిషాలకే మా అమ్మాయి బాత్రూం అంది. పక్కింటికి పంపించాం. నేను ఖాళీగా కూర్చోలేక చింతపండులో గింజలు తీయడం మొదలుపెట్టాను. సగం అయ్యాక చేతులు కడుక్కోవడానికి వీల్లేదని గుర్తొచ్చింది. మిగతా అరగంట రెండు చేతులూ గాలిలో ఆరబెట్టుకుంటూ కూర్చున్నాను. పరీక్ష పెట్టిన పెద్దమనిషి ఇరవై నిమిషాలకే సోఫాలో వెనక్కి వాలి గురక తీశాడు. "మమ్మీ, మోటర్ ఎత్తుకున్నది," అంది మా అమ్మాయి. నేను నోటికి కొంగు అడ్డం పెట్టుకోబోయి చీరకు చింతపండు పూసుకున్నాను.

మామ ఒక్కరే నవ్వలేదు. కుర్చీ అంచున నిటారుగా కూర్చుని, చెప్పిన వేళకు రావలసిన మనిషి కోసం చూసినట్టు స్లాబు వైపు చూస్తున్నారు. గంట గడిచింది. ఇంకో పావుగంట కూడా చూశాం. మోటరు కిక్కురుమనలేదు. ఆయన ముఖం చూడలేక నేను చేతులు కడుక్కునే వంకతో లేచి వెళ్ళిపోయాను.

ఆ సాయంత్రం నుంచి ఇంట్లో మాట మారింది. మోటరుకు ఏమయింది అనే ప్రశ్న పోయి, బాపుకు ఏమయింది అనే ప్రశ్న వచ్చింది. మా ఆయన చెవుల డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాడు. చెవులు వయసుకు తగ్గట్టే ఉన్నాయనీ, పెద్దవయసులో కొందరికి లేని చప్పుడు వినిపించడం ఉంటుందనీ, నరాలకు గోలీలు రాస్తాననీ, ఒంటరిగా తిరగకుండా చూసుకొమ్మనీ ఆ డాక్టరు చెప్పాడట. ఆ చివరి ముక్కను మా ఆయన గట్టిగా పట్టుకున్నాడు.

"ఇగ సోమారం పోవుడు బంద్ బాపు," అన్నాడు. "లేని చప్పుడు ఇనేటోనివి, రోడ్డు మీద వచ్చే లారీ చప్పుడు ఇంటవా? మతి తప్పి ఇంకో బస్సు ఎక్కితే బాన్సువాడల తేలుతవు."

"పుట్టినప్పటిసంది పోతున్న తొవ్వరా అది."

"తొవ్వ అదే బాపు. నీ పానమే అప్పటి లెక్క లేదు."

కొడుక్కి ప్రేమ లేక కాదు. ఉన్నదంతా ఇలా భయం రూపంలోనే బయటికొస్తుంది. నేనైనా అడ్డుపడవలసింది. పడలేదు. పైగా పక్కింటామె అడిగితే, "మా మామకు చెవులల్లనే ఒక మోటర్ ఉన్నదమ్మా," అని నవ్వించాను కూడా. ఆ మాట తలచుకుంటే ఇప్పటికీ నాకు సిగ్గేస్తుంది.

మొదటి సోమవారం ఆయన అలవాటు కొద్దీ చీకటితోనే లేచి, ధోతి కట్టుకుని, సంచి ఒళ్ళో పెట్టుకుని వరండాలో కూర్చున్నారు. ఎనిమిదింటికి మేం బయలుదేరేటప్పుడూ అలాగే ఉన్నారు. రెండో సోమవారం ధోతి కట్టుకున్నారు గాని సంచి తీయలేదు. మూడో సోమవారం మామూలు లుంగీలోనే ఉన్నారు. ఇస్త్రీ చేసిన ధోతులు బీరువాలో మడత విప్పకుండా ఉండిపోయాయి.

మోటరు మాట కూడా మానేశారు. "చప్పుడు ఇనవడుతుందా బాపు?" అని మా ఆయన రోజూ అడిగేవాడు. "లేదురా, తగ్గింది," అనేవారు. మా ఆయన పొంగిపోయాడు. గోలీలు పనిచేశాయని చుట్టాలందరికీ ఫోన్లు చేశాడు. ఆ గోలీల పేరు కూడా రాసి పెట్టుకొమ్మని బీర్కూర్‌లో ఉన్న వాళ్ళ అక్కకు చెప్పాడు. ఆమెకు నొప్పి మోకాళ్ళలో.

ఇలా రెండు నెలలు గడిచాయి. ఒకరోజు నేను ఎప్పటిలాగే పెరట్లో నా పని చూసుకుని బస్సెక్కాను. ఊరు దాటి కొంచెం దూరం పోగానే బస్సు ఆగిపోయింది. ముందు హైవే మీద అడ్డంగా పొయ్యిలు పెట్టి అన్నాలు వండుతున్నారు. ఉద్యమం రోజుల్లో రోడ్లు ఆపేందుకు అది మామూలే. మధ్యాహ్నం దాకా కదిలేది లేదని డ్రైవర్ దిగి, తనకూ ఒక విస్తరి దొరుకుతుందేమోనని అటు నడిచాడు. నేను ఆటో పట్టుకుని పదిగంటలకల్లా ఇంటికొచ్చేశాను.

చాలా రోజుల తర్వాత మామా నేనూ తీరిగ్గా హాల్లో కూర్చున్నాం. ఆయనకు చాయ్ ఇచ్చి, నా గిలాస పట్టుకుని ఎదురుగా కూర్చున్నాను. ఆయన పేపర్ చదువుతున్నారు. ఇల్లు నిశ్శబ్దంగా ఉంది.

పైన గుర్రుమంది.

నేను చాయ్ నోటి దాకా తెచ్చి ఆగిపోయాను. మామ పేపర్ మీంచి తల ఎత్తలేదు. ఐదు లెక్కపెట్టేలోగా చప్పుడు ఆగిపోయింది.

"మామా, మోటర్ నడిచింది!"

"లేదు బిడ్డా."

"ఇప్పుడే నడిచింది గద. నేను విన్న."

"నాకేం ఇనవడలే," అని పేజీ తిప్పారు. తిప్పింది వెనక్కి. అంతకుముందు చదివిన పేజీయే మళ్ళీ చదవడం మొదలుపెట్టారు.

నేను గిలాస కింద పెట్టేసి ఆయన చేతుల వైపే చూస్తూ కూర్చున్నాను. పావుగంటకు మళ్ళీ గుర్రుమంది. పేజీ తిప్పబోయిన చెయ్యి ఆగిపోయింది. కళ్ళు ఒక్కసారి పైకి వెళ్ళి, నేను చూస్తున్నానని గుర్తొచ్చి, గబుక్కున కిందికి దిగాయి.

"ఇప్పుడు గూడ ఇనవడలేదా మామా?"

ఆయన పేపర్ మడిచి ఒళ్ళో పెట్టుకున్నారు. "నువ్వు వానికి చెప్తవు. వాడు మళ్ల దవాఖాన అంటడు. నాకేం ఇనవడ్తలేదు బిడ్డా. నన్ను ఇడిసిపెట్టు."

రెండు నెలలుగా ఈ మనిషి ఒంటరిగా కూర్చుని, పావుగంటకోసారి ఆ చప్పుడు వింటూ, వినలేదని తనకు తానే చెప్పుకుంటూ బతికారు. సాయంత్రం మేం రాగానే తగ్గిందని చెప్పి మమ్మల్ని సంతోషపెట్టారు.

"నాకు ఇనవడ్డది మామా. రెండుసార్లు."

"నువ్వు నా మీద పాపమని అంటున్నవు."

చేసేది లేక మెట్లెక్కి స్లాబు మీదికి వెళ్ళాను. టాంకీ దగ్గర మూడు పైపులకు మూడు వాల్వులు ఉన్నాయి: ఒకటి బాత్రూంకు, ఒకటి వంటింటికి, ఒకటి పెరటికి. ఏం చేయాలో తోచక నిలబడితే కింది నుంచి మామ గొంతు వినిపించింది. ఆయన మెట్ల దాకా వచ్చి, రెయిలింగు పట్టుకుని పైకి చూస్తున్నారు.

"ఒక్కొక్క వాల్వ్ కట్టుకుంట చూడు. పొలంల పైపు పగిలితే గట్లనే దొరకవడతం."

బాత్రూం వాల్వు కట్టాను. మోటరు ఎత్తుకుంది. అది వదిలి వంటింటిది కట్టాను. కాసేపటికి మళ్ళీ ఎత్తుకుంది. పెరటిది కట్టాను. అరగంట ఎండలో నిలబడ్డాను. చప్పుడు లేదు. పెరట్లో ఉన్నది ఒకే ఒక్క నల్లా.

కిందికి దిగి వెనక్కి వెళ్ళేదాకా కూడా నాకు తట్టలేదు. చెబితే ఎవరూ నమ్మరు. నల్లా కారడం అంటే నా లెక్కలో అది చెడిపోయినట్టు. నేను చేస్తున్నది చెట్టుకు నీళ్ళు పెట్టడం. ఈ రెండూ ఒకటేనని నా బుర్రకు ఒక్కనాడూ అందలేదు. తడిసిన పేలిక కళ్ళ ముందు కనిపించాక, తల కొట్టేసినట్టయి అక్కడే నిలబడిపోయాను. నేను ఇంట్లో లేనప్పుడే నల్లా వదులుగా ఉంటుంది. నేను వచ్చి బిగించాకే సోదాలు, పరీక్షలు, ప్లంబర్లు. ఇంకేం దొరుకుతుంది వాళ్ళకు?

నిజం చెప్పాలంటే, అప్పుడు నాకు వచ్చిన మొదటి ఆలోచన ఆ పేలికను గోడ అవతలికి విసిరేయడం. ఎవరూ చూడలేదు. నల్లా బిగించేసి ముందుకొచ్చి, "దొరికింది మామా, వెనుక నల్లా వాషర్ పోయింది," అన్నాను.

మామ నెమ్మదిగా తల ఊపారు. "వాషర్ మొన్ననే మార్పిచ్చినం గద బిడ్డా. పోనియ్. నా కోసం గిన్ని తిప్పలెందుకు?"

నమ్మలేదు. నేను మోటరు చప్పుడూ వినలేదు, వాషరూ పోలేదు, ముసలాయన మనసు కుదుటపడాలని కోడలు కథలు చెబుతోంది అనుకుంటున్నారు. ఇక నాకు వేరే దారి లేకపోయింది. ఆయన చెయ్యి పట్టుకుని పెరట్లోకి తీసుకెళ్ళాను. నల్లా మళ్ళీ పొద్దున వదిలినంత వదులు చేశాను. ఆయన వేళ్ళను పేలిక మీద పెట్టాను.

"ఇది నేను కట్టిన మామా. పొద్దుగాల బడికి పోయేటప్పుడు ఇడిసిపెట్టి పోత. సాయంత్రం వచ్చి కడుత. ఆదివారం ఇడువ. మోటర్ ఎత్తుకునుడు దీనితోనే. తప్పంత నాదే."

ఆయన పేలికను పైనుంచి కింది దాకా తడిమారు. వేళ్ళ తడి చూసుకున్నారు. వంగి మొక్క మొదట్లో మన్ను ఒత్తి చూశారు. మామ మీద జాలితో కోడలు అబద్ధం చెప్పవచ్చు గాని, తన మీదే నేరం వేసుకుని చెప్పదని అప్పుడు నమ్మకం కుదిరినట్టుంది.

"చెట్టు మంచిగనే పెంచినవు," అన్నారు.

నాకు ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఆయన బోళ్ళు తోమే బండ మీద కూర్చున్నారు. చిన్నగా అడిగారు.

"అయితే నా బుర్ర మంచిగనే ఉన్నదా?"

"మంచిగనే ఉన్నది మామా. మంచిగ లేంది నాది."

"సోమారం పోవచ్చునా మరి?"

డెబ్బై దాటిన మనిషి. మా ఇంటి పునాదికి మొదటి రాయి పెట్టిన మనిషి. బస్సెక్కడానికి నన్ను అనుమతి అడుగుతున్నారు. ఆ ప్రశ్న ఆయనకు నేర్పింది మేమే. నాకు కళ్ళ నీళ్ళు ఆగలేదు. "నన్ను అడుగుడేంది మామా," అని మాత్రం అనగలిగాను.

సాయంత్రం మా ఆయన రాగానే అంతా చెప్పాను. ఆయన పెరట్లోకి వెళ్ళి పేలికను చూశాడు, పైకెళ్ళి మోటరును చూశాడు, కిందికొచ్చి నన్ను చూశాడు. నన్ను ఏమైనా అనాలంటే ముందు తననే అనుకోవాలని తెలిసిపోయినట్టుంది. "మరి గోలీలు?" అన్నాడు.

"మీరే మింగుండ్రి," అన్నాను.

తండ్రికి తప్పయిందని చెప్పడం మా ఆయన వల్ల అయ్యే పని కాదు. వెళ్ళి పక్కన కూర్చున్నాడు. వార్తలు వచ్చే వేళలో ఇంట్లో ఎవరికీ ఇవ్వని టీవీ రిమోట్‌ను తెచ్చి ఆయన చేతిలో పెట్టాడు. మామకు దానితో ఏం చేయాలో తెలియక అటూ ఇటూ తిప్పి చూసి, ఒళ్ళో పెట్టుకున్నారు. "సోమారం నేను బండి మీద బస్‌స్టాండ్ల దింపుత బాపు," అన్నాడు మా ఆయన. "ఎన్నింటికి లేపాల్నో చెప్పు. ఫోన్ గూడ పట్టుకపో. ఎల్లారెడ్డిల దిగంగనే ఒక్కటి కొట్టు."

"చూద్దం తీయ్," అన్నారు మామ.

ఆదివారం రాత్రి మా ఆయన ఐదింటికి అలారం పెట్టుకుని పడుకున్నాడు. అది మోగగానే లేచి, ముఖం కడుక్కుని, బండి తాళంచెవి పట్టుకుని, "బాపూ," అంటూ ఆయన గదిలోకి వెళ్ళాడు. వెళ్ళినంత వేగంగానే వెనక్కి వచ్చాడు. మంచం మీద దుప్పటి మడత పెట్టి ఉంది. చెప్పులు లేవు, సంచి లేదు. బయటి గేటు గొళ్ళెం అవతలి నుంచి పెట్టి ఉంది. ఫోను మాత్రం కిటికీలో ఛార్జింగ్‌లోనే ఉంది.

"పోయిండు! చెప్పకుంటనే పోయిండు," అన్నాడు మా ఆయన. వాకిట్లో అటూ ఇటూ తిరిగాడు. బండి తీస్తాననీ, బస్‌స్టాండుకు పోయి చూసొస్తాననీ అన్నాడు. నేను ఆయన చేతిలోంచి తాళంచెవి తీసుకుని కొంగున ముడి వేసుకున్నాను.

"అసలు ఎవర్ని అడిగి పోయిండు?"

"ఎవర్నీ అడగలే," అన్నాను. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన అడిగినదానికి అంత సంతోషంగా నేను ఎప్పుడూ జవాబు చెప్పలేదు.